మోటార్ మార్చే ముందు ఒక్కసారి: పాత వాషింగ్ మిషన్లపై మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో "ఇంట్లో పాత వాషింగ్ మిషన్ ఉండి, దాన్ని తుక్కుకి వేయడానికి మనసు రాకపోతే దాని బాధేంటో రాయండి" అని అడిగాం. చాలానే వచ్చాయి. ఎక్కువ మంది రాసింది దాదాపు ఒకే సంగతి: మెకానిక్ వచ్చాడు, ప్లగ్గు పెట్టాడు, మోటార్ పోయిందన్నాడు, వెళ్లిపోయాడు. నాకు ఆ "మోటార్ పోయింది" అన్న మాట మీదే అనుమానం. పాత సెమీ ఆటోమేటిక్‌లలో అన్నిటికన్నా గట్టి సామాను మోటారే. దాని ముందున్న టైమర్, కెపాసిటర్, దాని తర్వాత ఉన్న బెల్టు, బ్రేకు, సీలు చూడకుండా మోటార్ మీద నేరం మోపితే ఎట్లా? వచ్చిన వాటిలో కొన్నిటికి జవాబులు ఇక్కడ. ముందే ఒక మాట: వెనక రేకు విప్పే ముందు ప్లగ్గు పీకాలి, స్విచ్ ఆపితే చాలదు. కెపాసిటర్‌లో (మన మెకానిక్‌లు కండెన్సర్ అంటారు) ప్లగ్గు పీకాక కూడా కాసేపు కరెంటు నిలిచి ఉంటుంది, దాని రెండు తీగల మధ్య ఒక మామూలు ఫిలమెంట్ బల్బు తగిలించి ఖాళీ చేశాకే చెయ్యి పెట్టండి.

"మా మిషన్ ఒక వైపే తిరుగుతోంది. 1990ల నాటి సెమీ ఆటోమేటిక్, మా పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టింది. కుడివైపు తిరిగి ఆగుతుంది, ఎడమవైపు తిరగాల్సిన టైంలో ఏ చప్పుడూ చేయదు, మళ్లీ కుడివైపే తిరుగుతుంది. చీరలన్నీ మెలిపడిపోతున్నాయి. మోటార్ మార్చాలంటున్నారు. నిజమేనా సార్?" (ఒక పాఠకురాలు, నయీంనగర్, హన్మకొండ)

కాదమ్మా, మీ మోటార్ బాగుంది. మీరు రాసిన దాంట్లోనే రుజువుంది. "ఏ చప్పుడూ చేయదు" అని రాశారు చూడండి, అదే కీలకం.

ఉతికే మోటార్‌కి మూడు తీగలు వస్తాయి. లోపల రెండు వైండింగులు (రాగి తీగ చుట్లు), రెండూ ఒకే కొలత, ఎందుకంటే రెండు వైపులా ఒకే బలంతో తిరగాలి కదా. ఒక వైండింగుకి కరెంటు నేరుగా వెళ్తుంది, రెండోదానికి కెపాసిటర్ మీదుగా కాస్త ముందుకు జరిగి వెళ్తుంది, ఈ తేడా వల్లే మోటార్‌కి ఎటు తిరగాలో తెలుస్తుంది. టైమర్ చేసే పనల్లా, కాసేపు మొదటి వైండింగుకి నేరుగా ఇచ్చి రెండోదాన్ని కెపాసిటర్ వెనక పెట్టడం, కాసేపు ఆపడం, తర్వాత వాటిని అటుదిటు చేయడం. అంటే కుడివైపు తిరిగేటప్పుడు కూడా రెండు వైండింగులూ, కెపాసిటరూ మూడూ పనిచేస్తేనే టబ్బు అడుగునున్న చక్రం తిరుగుతుంది. వాటిలో ఏ ఒక్కటి పోయినా ఏ వైపూ తిరగదు, ఊరికే గుయ్ అంటుంది. మీది కుడివైపు బలంగా తిరుగుతోంది, ఎడమవైపు గుయ్ అని కూడా అనట్లేదు, అంటే ఆ వైపు కరెంటే అందట్లేదు.

ఇక మిగిలింది రెండే: టైమర్ లోపల ఎడమవైపు తగలాల్సిన కాంటాక్టు కాలిపోయి ఉండాలి, లేదా టైమర్ నుంచి మోటార్‌కి వచ్చే తీగ ఎక్కడో ఊడి, తుప్పు పట్టి, లేదంటే ఎలుక కొరికి ఉండాలి. మొదట తీగ చూడండి, ఖర్చు లేని పని. మల్టీమీటర్ ఉంటే ఇంకా తేలిక. మోటార్ మూడు తీగల్నీ విడదీసి ఏ రెండిటి మధ్య ఎంత నిరోధం ఉందో రాసుకోండి. రెండు కొలతలు సమానంగా, మూడోది వాటి మొత్తం అంత వస్తే వైండింగులకు ఢోకా లేదు. తీగల రంగుల్ని మాత్రం నమ్మొద్దు, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వాడింది, పైగా ముప్పై ఏళ్లలో ఎవరెవరు ఏ తీగ ఎక్కడ అతికించారో తెలియదు.

టైమరే అయితే దాన్ని విప్పి గీకాలని చాలామందికి ఉబలాటం ఉంటుంది. స్ప్రింగు ఎగిరి ఎక్కడో పడుతుంది, మళ్లీ కూర్చోదు. కొత్తది కొనడమే మేలు. కంపెనీ పేరు పట్టుకుని తిరగాల్సిన పని లేదు, పాత టైమర్‌ని చేతిలో పెట్టుకుని వెళ్లండి: ఎన్ని తీగలు, నాబ్ దూరే కడ్డీ ఏ ఆకారం, 15 నిమిషాలదా కాదా, బిగించే రంధ్రాల మధ్య దూరం ఎంత, ఇవి కలిస్తే చాలు. తీగలు పీకే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి.

అన్నట్టు, ఇదంతా చేసే ముందు పక్కనున్న రెండో నాబ్ చూడండి. కొన్ని పాత మిషన్లలో దాన్ని స్ట్రాంగ్ మీద పెడితే ఒకే వైపు తిరిగేలా తయారుచేశారు. ఇంట్లో పిల్లలెవరైనా అది తిప్పి ఉంటే మీ మిషన్‌కి ఏ రోగమూ లేనట్టే.

"సార్, మా నాన్న సింగరేణిలో చేసి రిటైరయ్యారు, మిషన్ అప్పటిది. ఉతకడం బానే ఉంది. స్పిన్నరే మూడు రకాలుగా సతాయిస్తోంది: ఒక్కోసారి గుయ్ అని తిరగదు, తిరిగితే ధనాధన్ కొట్టుకుంటుంది, కింద ఎప్పుడూ నీళ్లు. మూడింటికి మూడు రిపేర్లు అంటే కొత్తదే కొనుక్కోవచ్చు కదా?" (గోదావరిఖని)

మూడు కాకపోవచ్చు, ఒకదాని వెంట ఒకటి వచ్చినవే కావచ్చు. నీళ్ల దగ్గర మొదలుపెడదాం.

స్పిన్నర్ బుట్ట కింద ఒక కడ్డీ, ఆ కడ్డీ బయటి టబ్బు అడుగులోంచి కిందికి దిగి నేరుగా మోటార్‌కి తగులుతుంది. మధ్యలో బెల్టు లేదు. అది దిగే రంధ్రం దగ్గర ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు సీలు ఉంటుంది. బొగ్గు పనికి వేసుకెళ్లిన బట్టలు ఏళ్ల తరబడి పడ్డ మిషన్ అంటే ఆ సన్నటి గరుకు పొడి సీలు పెదవి దగ్గర చేరి దాన్ని అరగదీస్తుంది. సీలు అరిగితే నీళ్లు ఎక్కడికి పోతాయి? సరిగ్గా కిందున్న బ్రేకు మీదికి, మోటార్ మీదికి. బ్రేకు తుప్పు పట్టి పట్టేస్తుంది, అప్పుడు మోటార్ గుయ్ అంటుంది కానీ తిరగదు. మోటార్‌ని మోసే మూడు స్ప్రింగుల రబ్బర్లు నాని వదులవుతాయి, అప్పుడు బుట్ట కొట్టుకుంటుంది.

ప్లగ్గు పీకేసి చిన్న పరీక్ష చేయండి. స్పిన్నర్ మూత మూసినప్పుడు ఒక తీగ లాగబడి బ్రేకు విడుస్తుంది, మూత తెరిస్తే బ్రేకు పడుతుంది, కరెంటూ ఆగుతుంది. కాబట్టి వెనక రేకు విప్పి, మూత మూసి ఉంచి, కింద మోటార్ పైనున్న బ్రేకు డ్రమ్మును చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. బిగుతుగా ఉంటే బ్రేకు తీగ సాగిపోయి బ్రేకు పూర్తిగా విడవట్లేదు, లేదా తుప్పు. తీగ చివర కొక్కేనికి సాధారణంగా రెండు మూడు రంధ్రాలు ఉంటాయి, ఒకటి ముందుకు తగిలిస్తే చాలు. చాలామంది "మోటార్ పోయింది" కథలు ఇక్కడే ముగిసిపోతాయి. దీనికి ఉల్టాగా, మూత తెరిచాక కూడా బుట్ట చాలాసేపు తిరుగుతూనే ఉంటే బ్రేకు లైనింగు అరిగింది, అది మార్చేదాకా పిల్లల్ని ఆ దగ్గరికి రానివ్వొద్దు.

బ్రేకు తేలిగ్గా ఉండి కూడా గుయ్ అంటే అప్పుడు కెపాసిటర్. స్పిన్ మోటార్‌ది మామూలుగా 4 నుంచి 6 మైక్రోఫ్యారడ్లు, ఉతికే మోటార్‌ది 10 చుట్టుపక్కల, దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. ఎంత ఉంటే అంతే వేయాలి. ఇంట్లో ఉంది కదా అని సీలింగ్ ఫ్యాన్‌ది (అది 2.5) పెడితే మోటార్ సగం బలంతో మూలుగుతూ వేడెక్కి నిజంగానే పోతుంది, అప్పుడు మెకానిక్ మాట నిజమవుతుంది.

సాయంత్రాలు మాత్రమే మొండికేస్తుంటే వోల్టేజీ చూడండి. ఈ మోటార్ల మొదలయ్యే బలం వోల్టేజీ తగ్గిన దానికన్నా వేగంగా పడిపోతుంది, వర్గం లెక్కన. 230 రావాల్సిన చోట 160 వస్తే బలం సగం కూడా మిగలదు. తడి జీన్స్ ప్యాంట్లు నింపిన బుట్టని అది లేపలేదు, దానికి స్టెబిలైజరే మందు.

కొట్టుకోవడం గురించి ఒక లెక్క చెప్తాను. బుట్ట నిమిషానికి దాదాపు 1400 చుట్లు తిరుగుతుంది. బుట్ట వ్యాసార్థం 11 సెంటీమీటర్లు అనుకుంటే అంచున ఉన్న బట్ట మీద పడే బలం దాని బరువుకి సుమారు 240 రెట్లు. అంటే ఒక పక్కన పావుకిలో తడి ఎక్కువైతే చాలు, 60 కిలోల మనిషి ఆ బుట్టని పట్టుకుని ప్రతి చుట్టుకీ అటూ ఇటూ గుంజినంత. అందుకే బట్టల మీద పెట్టే ఆ రంధ్రాల ప్లాస్టిక్ మూతని పోగొట్టుకోవద్దు, బట్టల్ని చుట్టూ సమంగా అదిమి అది పెట్టాకే తిప్పండి. సీలు, బ్రేకు సర్దుబాటు, రబ్బర్లు మూడూ ఒకేసారి చేయించండి, మోటార్ ఒకసారి దించితే మూడూ చేతికందుతాయి, మూడుసార్లు కూలీ దండగ. ఇంకా బొగ్గు బట్టలు పడుతుంటే ముందు దులిపి బకెట్లో ఒకసారి జాడించి, తర్వాతే మిషన్లో వేయండి.

"పాత ఫ్రంట్ లోడ్ మిషన్. స్పిన్‌లో కాజీపేట జంక్షన్లోంచి గూడ్స్ బండి పోయినట్టు మోత. ఏం చేయాలి?" (కాజీపేట)

బేరింగులు. చేత్తో డ్రమ్ము అంచు పట్టుకుని పైకి కిందికి ఊపండి, లొటలొట ఊగితే ఖాయం. బేరింగు మీద నంబరు ఉంటుంది, అదే కొలత: 6203 అంటే లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, 6204 అంటే 20, 6205 అంటే 25. 04 నుంచి పైకి చివరి రెండంకెల్ని ఐదుతో గుణించుకోవడమే. ఇవి బైకులకీ నీళ్ల మోటార్లకీ వాడేవే కాబట్టి వరంగల్ చౌరస్తా దాకా వెళ్తే దొరక్కపోవడం ఉండదు. రెండు పక్కలా రబ్బరు మూత ఉన్నవి అడగండి. అయితే బేరింగు దానంతటది పోదు, ముందు నీటి సీలు పోతుంది, నీళ్లు దిగి గ్రీజు కడిగేస్తాయి, కాబట్టి సీలు మార్చకుండా బేరింగు మార్పిస్తే మళ్లీ అదే మోత.

ఇంకొకటి, డబ్బులు పెట్టే ముందు డ్రమ్ము వెనక ఉండే మూడు కాళ్ల అల్యూమినియం చట్రాన్ని చూడమనండి. సబ్బు నీళ్లకి అది తెల్లగా పొడి రాలుతూ తినుకుపోతుంది. అది బీట తీసి ఉంటే కొత్త బేరింగులు వేసినా లాభం లేదు. పాతవాటిలో బయటి టబ్బు రెండు ముక్కలుగా బోల్టులతో ఉండేది, విప్పుకోవచ్చు, తర్వాత వచ్చిన కొన్నిటిలో ఆ ప్లాస్టిక్ టబ్బుని అతికించేశారు. ఈ విషయంలో పాతదే నయం.

"తడి చేత్తో ముట్టుకుంటే జివ్వుమంటోంది. ఎక్కువేం కాదు, అలవాటైపోయింది. ఏమన్నా ప్రమాదమా?" (ఒక గృహిణి, జనగామ)

అలవాటు చేసుకోవద్దమ్మా, ఈ రోజే ప్లగ్గు పీకేయండి. బాత్‌రూంలో, కింద నీళ్లలో నిలబడి, రేకు ఒంటి మిషన్‌ని తడి చేత్తో ముట్టుకోవడం, ఇంతకన్నా చెడ్డ కలయిక లేదు. రెండు విషయాలు ఒకేసారి జరిగితేనే ఇలా అవుతుంది: లోపల ఎక్కడో కరెంటు ఒంటికి తగులుతోంది, దాన్ని నేలలోకి పంపాల్సిన ఎర్తింగు లేదు. మూడు పుల్లల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్తింగు ఉన్నట్టు కాదు, సాకెట్ వెనక ఆ తీగ కట్టే ఉండకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ముందు ఎర్తింగు, తర్వాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి. మిషన్ లోపల వెతకాల్సింది తడిసిన అతుకులు, రేకు అంచుకి రాసుకుని ఒలిచిన తీగలు, ఇంకా ఎలుకలు. పాత సెమీ ఆటోమేటిక్‌ల అడుగు తెరిచే ఉంటుంది, ఎలుకలకి తీగల తోలు ఎందుకంత ఇష్టమో గానీ ఏ ఊళ్లో చూసినా ఇదే. అడుగున సన్న కన్నాల జాలీ బిగించండి, గాలి ఆడాలి కాబట్టి రేకుతో మూసేయొద్దు.

"అన్నా, నేను వరంగల్ నిట్‌లో మెకానికల్ చదువుతున్నా. మా అమ్మమ్మ వాళ్ల పాత మిషన్ టైమర్ విప్పి చూశా, లోపల గడియారం పళ్ల చక్రాలు. బ్యాటరీ లేదు, సర్క్యూట్ లేదు. ఇదెట్లా నడుస్తుంది? ఇంకోటి, అమెరికా పాత మిషన్ల వీడియోల్లో టబ్బు మధ్యలో పెద్ద స్తంభం ఉంటుంది, మనవాటిలో అడుగున చక్రమే ఉంటుంది, ఎందుకు?"

తమ్ముడూ, విప్పకూడదని పైనే చెప్పాను, సరే, విప్పావు కాబట్టి చూడు. నాబ్ తిప్పడం అంటే స్ప్రింగుకి కీ ఇవ్వడం. ఆ స్ప్రింగు ఒక్కసారిగా విడిచిపోకుండా టిక్ టిక్ మంటూ అటూ ఇటూ ఊగే చిన్న పలక ఉంటుంది, అది ఒక్కో పన్నునీ వదులుతుంది, అచ్చం గోడ గడియారంలో ఉన్న పద్ధతే. ఈ చక్రాల వరుసలో నెమ్మదిగా తిరిగే ఒక క్యామ్ (అంచు ఎగుడుదిగుడుగా ఉండే చక్రం) ఉంటుంది, దానికి ఒక గాడి, 15 నిమిషాలూ కాంటాక్టుని మూసి ఉంచి గాడి రాగానే వదిలేస్తుంది. దానికన్నా వేగంగా తిరిగే ఇంకో క్యామ్ కుడి, ఆగు, ఎడమ, ఆగు అని కాంటాక్టుల్ని మారుస్తూ ఉంటుంది. ప్రోగ్రామంతా ఆ ప్లాస్టిక్ అంచు ఆకారంలోనే ఉంది. వేలితో తడిమి చదవచ్చు, నాకు ఈ మిషన్లు నచ్చడానికి పెద్ద కారణం అదే.

దీని వల్ల ఒక తమాషా ఉంది: కరెంటు పోయినా టైమర్ ఆగదు. బట్టలు అట్లాగే నీళ్లలో ఉంటాయి, టైమర్ మాత్రం సున్నాకి వచ్చేస్తుంది. మిషన్ చెడిపోయిందని దీని మీదే రెండు మూడు ఉత్తరాలు వచ్చాయి, చెడిపోలేదు. ప్లగ్గు పెట్టకుండానే టైమర్‌ని పరీక్షించొచ్చని కూడా దీన్నిబట్టి అర్థమవుతుంది. తిప్పి వదిలితే సున్నా దాకా ఆగకుండా కొట్టుకుంటే గడియారం భాగం బాగున్నట్టే, ఇక కాంటాక్టులే చూడాలి. పాత ఫ్రంట్ లోడ్‌ల టైమర్ ఇట్లా కాదు, దాన్ని చిన్న సింక్రనస్ మోటార్ (కరెంటు హెర్ట్జ్ లెక్కకే కట్టుబడి తిరిగేది) తిప్పుతుంది, కరెంటు పోతే ఉన్నచోటే నిలబడుతుంది.

ఇక స్తంభం సంగతి. దాన్ని అజిటేటర్ అంటారు. మేటాగ్ కంపెనీ 1922లో గైరాఫోమ్ అనే మిషన్‌లో అడుగు నుంచి లేచే అజిటేటర్ పెట్టింది, అక్కడ అది స్థిరపడిపోయింది. అది పూర్తి చుట్లు తిరగదు, కొంత దూరం అటు, కొంత దూరం ఇటు ఊగుతుంది. ఆ మిషన్లలో మోటార్ ఒకే వైపు తిరుగుతుంటే కింద నూనెలో మునిగిన గేర్ బాక్స్ ఆ తిరుగుడుని ఊగుడుగా మారుస్తుంది. గట్టి సరుకే, కానీ బరువు, ఖరీదు. 1937లో బెండిక్స్ అక్కడే ఇళ్లకి ముందు తలుపు ఆటోమేటిక్ తెచ్చింది, అది ఇంకో దారి. బ్రిటన్‌లో హూవర్ 1948లో వేల్స్‌లోని మెర్థర్ టిడ్‌ఫిల్ ఫ్యాక్టరీలో చేసిన చిన్న మిషన్‌లో టబ్బు పక్క గోడకి వేగంగా తిరిగే చక్రం పెట్టారు, పైన చేత్తో తిప్పి పిండే రోలర్లు. జపాన్‌లో సాన్యో 1953లో ఎస్‌డబ్ల్యూ-53 పేరుతో ఆ పద్ధతిలోనే చౌక మిషన్ తెచ్చింది. తర్వాత ఆ చక్రం అడుగుకి దిగింది, పక్కన స్పిన్నర్ చేరింది, మనకి 1980ల చివర్లో, 90ల్లో వీడియోకాన్, బీపీఎల్ లాంటి కంపెనీలు అమ్మిన జంట టబ్బుల మిషన్లది ఈ వంశమే. చక్రాన్ని రెండు వైపులా తిప్పడానికి ఊగించే గేర్ బాక్స్ అక్కర్లేదు, పైన చెప్పినట్టు కరెంటుని అటుదిటు చేస్తే మోటారే వెనక్కి తిరుగుతుంది. మోటార్ పుల్లీ చిన్నది, కిందున్న పుల్లీ పెద్దది, వేగం తగ్గించడం అక్కడ జరుగుతుంది, కొన్నిట్లో దానికి తోడు ఒక చిన్న గేర్ డబ్బా. అజిటేటర్ బట్టని తక్కువ మెలిపెడుతుందనేది నిజమే గానీ రిపేరుకి మాత్రం మన చక్రమే సులువు.

"బోరు నీళ్లు. చక్రం కింద తెల్లగా గడ్డకట్టి చక్రం సరిగా తిరగట్లేదు, స్క్రూ రావట్లేదు." (పరకాల)

స్క్రూ మీద బలం చూపించొద్దు, తల అరిగిపోతే ఇంక చిక్కే. తుప్పు వదిలించే స్ప్రే గానీ, లేకపోతే కొంచెం కిరోసిన్ గానీ వేసి రాత్రంతా వదిలేయండి, పొద్దున స్క్రూడ్రైవర్ పెట్టి వెనక మీద సుత్తితో మెల్లగా రెండు దెబ్బలు కొట్టి, అప్పుడు తిప్పండి. స్క్రూ వచ్చాక చక్రం కింద ఏదైనా దూర్చి లేపొద్దు, ప్లాస్టిక్ పగులుతుంది. గట్టి తీగని రెండు కొక్కేలుగా వంచి, ఎదురెదురు రంధ్రాల్లో వేసి నిటారుగా లాగాలి. దాని కింద ఏం బయటపడుతుందో చెప్పలేం, రూపాయి బిళ్లలు, పిన్నీసులు, చొక్కా గుండీలు, ఇంట్లో పోయాయనుకున్నవన్నీ అక్కడే ఉంటాయి.

తెల్ల గడ్డ అంటే నీళ్లలోని కాల్షియం. కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు ఒక వంద గ్రాములు చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లలో కలిపి నానబెడితే బుడగలొచ్చి కరుగుతుంది. బాత్‌రూం కడిగే యాసిడ్ వద్దు, కడ్డీని, సీలుని తినేస్తుంది. నిమ్మ ఉప్పు నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బాత్‌రూంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. మళ్లీ బిగించే ముందు కడ్డీ మీద నీళ్లకి తట్టుకునే గ్రీజు పలచగా రాయండి, ఈసారి స్క్రూ ఏడిపించదు.

"మా చిన్నాయన సౌదీ నుంచి తెచ్చిన జపాన్ మిషన్, ఇరవై ఏళ్లకు పైగా అటక మీద కొత్తదిలెక్క ఉంది. ప్లగ్గు మార్చి పెట్టమంటారా?" (జగిత్యాల)

ఆగండి! ముందు వెనకున్న ప్లేటు చదవండి. దుబాయ్, కువైట్ నుంచి వచ్చినవైతే మన లెక్కనే 50 హెర్ట్జ్ (కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్క), 220 నుంచి 240 వోల్టులు, ప్లగ్గు మారిస్తే అయిపోతుంది. సౌదీ అట్లా కాదు. అక్కడ 60 హెర్ట్జ్, పాత ఇళ్లలో 127 వోల్టులు ఉండేవి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇళ్లలో గల్ఫ్ సామాను ఎక్కువ కాబట్టి ఈ తేడా మనవాళ్లకి తెలిసి ఉండాలి.

ప్లేటు మీద 127 అని ఉంటే నేరుగా పెట్టిన మరుక్షణం పొగ. 230ని 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ప్లేటు మీదున్న వాట్లకి కనీసం రెండింతలది, మోటార్ మొదలయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది. "127కి 110 సరిపోతుందా" అని అడుగుతారు. నిజానికి అదే సరైనది. 60 హెర్ట్జ్ మోటార్‌ని 50 మీద నడిపితే అదే వోల్టేజీకి లోపలి ఇనుము మీద అయస్కాంత భారం అయిదో వంతు పెరిగి వేడెక్కుతుంది, కాబట్టి వోల్టేజీని కూడా అదే పాళ్లలో తగ్గించాలి. 127లో ఆరింట ఐదు వంతులు అంటే 106. మార్కెట్లో దొరికే 110 దానికి దగ్గర్లోనే ఉంది.

ప్లేటు మీద 220 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటే అసలు చిక్కు అక్కడ. ప్లగ్గు పెడితే తిరుగుతుంది, అందరూ సంతోషిస్తారు, కొన్ని నెలలకి వైండింగు మాడిన వాసన వస్తుంది. దానికి 180 వోల్టుల దగ్గర ఇచ్చే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, లేదా రెండు మోటార్లనీ మన 50 హెర్ట్జ్‌వి వేయించాలి. మండల కేంద్రాల్లో బోరు మోటార్లు చుట్టే షాపులు ఉంటాయి కదా, సన్న తీగ పని చేసేవాళ్లు దొరికితే ఉన్న మోటార్‌నే 50 హెర్ట్జ్‌కి తగ్గట్టు చుట్టించుకోవచ్చు, రాగి తీగే వేయమని ముందే మాట్లాడుకోండి. ఎట్లా చేసినా 50 మీద నడిచే మోటార్ వేగం అక్కడికన్నా ఆరో వంతు తక్కువే ఉంటుంది, బట్టలు కాస్త తడిగా వస్తాయి. టైమర్ స్ప్రింగుదైతే దానికి ఈ గొడవ లేదు, సింక్రనస్ మోటార్‌దైతే 15 నిమిషాలు 18 అవుతాయి, అంతే.

అన్నేళ్లు అటక మీద ఉందన్నారు కాబట్టి కరెంటు ఇచ్చే ముందు బెల్టు బీటలిచ్చిందా, సీళ్లు గట్టిపడ్డాయా చూడండి, మోటార్లని చేత్తో తిప్పి చూడండి. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది.

"తుప్పు పట్టిన అడుగు రేకుకి పెయింట్ వేస్తే ఆగుతుందా?" (నర్సంపేట)

తుప్పుని గరుకు కాగితంతో మెరిసే రేకు వచ్చేదాకా గీకి, రెడాక్సైడ్ ప్రైమర్ ఒక పూత, ఆరాక ఎనామిల్ రెండు పూతలు వేస్తే ఆగుతుంది. తుప్పు మీదే వేస్తే ఆగదు. మిషన్‌ని నేల మీద కాకుండా నాలుగంగుళాల ఎత్తు స్టాండు మీద పెట్టండి, పైన జనగామ వాళ్లకి చెప్పిన జాలీ బిగించడానికి కూడా అప్పుడు చెయ్యి పడుతుంది.